పాట ఎవరిది, ప్లేటు ఎవరిది?

గ్రామఫోను ప్లేటు నడుమ గుండ్రని కాగితపు బిళ్ల యొకటి యతికించియుండును. పాట పేరు, పాడినవారి పేరు, రాగము, అన్నిటికంటె పెద్ద యక్షరములతో కంపెనీ పేరు దానిమీద నచ్చువేసియుండును. ఈ బిళ్లనే ఇంగ్లీషువారు లేబిలనిరి. కాలక్రమమున బిళ్ల పేరే కంపెనీకి పేరైనది. పెద్ద కంపెనీల యండ లేక తమ సొమ్ముతో తామే ప్లేట్లు వేయించి యమ్ముకొనిన చిన్నవారిని స్వతంత్ర లేబిళ్లవారందురు. ఇంగ్లండులోను అమెరికాలోను రాక్ అను సంగీతమునందు పెద్ద బజారునకు దూరముగ, చాటుమాటున పెరిగిన శాఖ యొకటి కలదు. దానికి ఊపిరి పోసినవారీ చిన్న కంపెనీలవారే. మన తెలుగునాట, అందును ఖమ్మము దాటి భద్రాచలపుటడవిలో ప్రవేశించు మా ప్రాంతమున, అట్టిదేదైన జరిగినదా? జరిగినది. అయితే మన దానికి బిళ్ల లేదు. బిళ్ల లేకపోవుటవలన మనకు గలిగిన లాభమెంత, నష్టమెంత యని విచారించుటకే ఈ వ్యాసము పూనితిని.

యంత్రము రాకపూర్వము మన దేశమున పాటకు బిళ్ల పాటలోనే యుండెడిది. దానిని ముద్ర యనిరి. మా ఖమ్మమునకు సమీపమునందలి నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగ నుండి, భద్రాద్రిరామునకు గుడి కట్టించి, గోలకొండ చెరలో మ్రగ్గినవాడు, తన కీర్తనల చివర రామదాసని పేరు నిలుపుకొనెను. కంపెనీ లేదు, హక్కుల కాగితము లేదు. అయినను మూడువందల యేండ్లు భజనగూటములవెంట తిరిగిన యా పాటలు తండ్రి పేరు తెలియని యనాథలు కాలేదు. అక్షరము రాని భజనపరుడు సైతము చివరి చరణమును విడువడు. విడిచిన పాట ముగియదు గదా! ఇంతకంటె చౌకయైన లేబిలు లోకమున మరియొకటి యుండునని నేననుకొనను.

గోదావరి యొడ్డునగల కోయపల్లెలలో వేరొక రీతి. అచ్చట డోలివారని యొక శాఖ కలదు. మూడవ గట్టు మొదలు ఏడవ గట్టువరకు గల కోయవంశముల పుట్టుపూర్వోత్తరములను, సమ్మక్క సారలమ్మల వీరగాథను, బొమ్మలు గల పడిగెగుడ్డను చూపుచు, డోలు వాయించుచు వారు గానము చేయుదురు. పాడువాని పేరు ఆ కథలో ప్రధానము గాదు. వచ్చు పేర్లన్నియు వినువారి తాతముత్తాతలవి. పాట యెవరిదని యడిగినచో, ఎవరి వంశమునుగూర్చి పాడబడుచున్నదో వారిదనియే బదులు వచ్చును. పాడినవాడు దానికి కావలివాడు మాత్రమే. రామదాసు పద్ధతియు, డోలివారి పద్ధతియు, ఈ రెండును మనసునందుంచుకొని చదువరులు యంత్రపు కథ వినవలెను.

1902వ సంవత్సరమున గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గు అను నతడు కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయనిచేత పాడించి మైనపు పలకలమీద పట్టెను. ఆ పలకలు ఓడనెక్కి జర్మనీదేశమునందలి హనోవరునకు పోయి ప్లేట్లై తిరిగి రావలెను. అచ్చటి పనివారికి మన భాష తెలియదు, మన మనుష్యులు తెలియరు. ఏ పలక యెవరిదో పొరబడకుండునట్లు, ఆమె పాట ముగియగనే తన పేరు ఇంగ్లీషున గట్టిగ చెప్పెడిది. ఆ కేక నేటికిని ఆ ప్లేట్ల చివర వినబడును. రామదాసు ముద్రకును దీనికిని ఎంత దగ్గర, ఎంత దూరము! అతడు దేవునితో చెప్పుకొనిన పేరు, ఈమె సముద్రమునకావల బిళ్ల యతికించు కూలివానితో చెప్పుకొనినది. 1908లో కలకత్తా సియాల్దాయందే ప్లేట్ల కార్ఖానా వెలసినపిమ్మట హనోవరు ప్రయాణము తప్పినది గాని, కంపెనీ యొక్కటే యను స్థితి మాత్రము తప్పలేదు. ఇతర కంపెనీలు కొన్ని వచ్చినవి, పోయినవి. కుక్క బొమ్మ గల బిళ్ల యేలుబడి యించుమించు డెబ్బదియేండ్లు సాగినది.

ఇచ్చట సంస్కరణాభిమానులమగు మనము కొంచెము తల వంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. తొలిదినములలో ప్లేట్లమీద పాడిన స్త్రీలలో అధికసంఖ్యాకులు ఉత్తరమున తవాయిఫులు, దక్షిణమున దేవదాసీకులములవారు. ఇల్లాండ్రు యంత్రము ముందు పాడరాదని నాటి మర్యాద. వంగదేశమున పేరుగల కుటుంబమునుండి అమలాదాస్ పాడినప్పుడు, ఈమె వృత్తిగాయని కాదు సుమా యని లోకమునకు తెలియునట్లు బిళ్లమీద మిస్ దాస్, అమెచ్యూరు అని యచ్చువేసిరి. ఒక చిన్న కాగితము కులమును, మర్యాదను గూడ మోయవలసివచ్చినది. ఎవరి కంఠమున నా విద్య శతాబ్దములు నిలిచినదో వారిని సభలకు దూరము చేసి, వారి పాటను మాత్రము పెట్టెలో పెట్టుకొని మన యిండ్లకు తెచ్చుకొంటిమి. పేరు బిళ్లమీద నుండుటవలననే నేడు వారిని మరల వెదకి తెలిసికొనగలుగుచున్నాము. కాగితమునకున్న దయ మనకు లేకపోయినది.

ఆ నల్లని ప్లేటు దేనితో చేయుదురో మనలో పలువురెరుగరు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత ప్లేటునకు ప్రాణము లక్క. మోదుగ, రేగు, కుసుమ మొదలగు చెట్ల కొమ్మలకంటుకొని యొక చిన్న పురుగు ఈ జిగురును కూడబెట్టును. అడవివారు కొమ్మలు విరిచి, లక్క గీచి, గంపలతో సంతకు తెత్తురు. దానిని కరగించి పలుచని రేకులు చేసి, రాతిపిండియు మసియు చేర్చి, వేడిమీద నచ్చొత్తిన ప్లేటగును. లోకమునకు కావలసిన లక్కలో చాలభాగము ఛోటానాగపురము మొదలగు మన దేశపుటడవులనుండియే పోయెడిది. రెండవ ప్రపంచయుద్ధమున సరకు రాక తగ్గగా, 1942లో అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కమీద కోత విధించెను. మోదుగకొమ్మ మీది పురుగు పని చేయనిదే న్యూయార్కులో పాట నిలువదన్నమాట. మా పిల్లలకు భూగోళపాఠము చెప్పునప్పుడు ఈ సంగతి చెప్పుదును. సార్, మరి ఆ అడవివాళ్ల పాటలు ప్లేటుమీద ఎక్కినవా యని ఒకమారు ఒక బాలిక యడిగెను. జిగురు పోయినంత దూరము గొంతు పోలేదమ్మా యంటిని.

పోకపోవుటకు దురుద్దేశమే కారణమని నేననను. పది యంగుళముల ప్లేటు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రము పాడును. చెన్నపట్టణపు వర్తకులు మూడు నిమిషములలో నిముడు సరకు వెదకిరి. అక్కడ సరస్వతీ స్టోర్సువారివంటి స్వదేశీ వర్తకులు 1930 తరువాతి దశకమున ఓడియన్ ప్లేట్ల వ్యాపారమున దిగి కొంత పోటీ తెచ్చిరి. తెలుగువారికి నాటకపద్యములు, కృతులు, తరువాత సినిమాపాటలు దొరకినవి. హరిశ్చంద్ర కాటిసీనులోని పద్యము సరిగ్గా ప్లేటుకొక ప్రక్క కొలతకు సరిపోవును. రాగాలాపన కొంచెము కుదించిన చాలును. రాత్రి తెల్లవార్లు సాగు డోలికథ మూడు నిమిషములలో నెట్లు నిముడును? నిమిడినను కొనువాడెవడు? గ్రామఫోను కొనగలవాడు కోయపల్లెలో లేడు. పాట యెవరిదో వారికి యంత్రము లేదు, యంత్ర మెవరిదో వారికి ఆ పాట పట్టదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఇట్టి చిక్కే పాశ్చాత్యదేశములందును వచ్చినది. దానిని వారు విప్పుకొనిన తీరు తెలిసికొనదగినది. 1970 తరువాత రాక్ సంగీతము పెద్ద కంపెనీల చేతులలో పడి, వేలకొలది పౌనులు లేనిదే స్టూడియోలో నడుగుపెట్టరాని ధనికుల వినోదమైనది. మాంచెస్టరునందలి బజ్‌కాక్స్ అను కుర్రవాండ్ర బృందము కంపెనీవారి గుమ్మముల దగ్గర కాచుకొనక, చుట్టపక్కముల వద్ద 500 పౌనులు బదులు తెచ్చుకొని, నాలుగు పాటలు పాడి, 1977 జనవరిలో తామే ప్లేటు వేయించిరి. మొదట వేసినవి వేయి. చివరకు పదునారువేలు అమ్ముడుపోయినవి. ఆ యట్టమీద ఏ పాట యెన్నవమారు పాడినప్పుడు కుదిరినదో గూడ అచ్చువేసిరి. మరుసటియేట లండనులో స్క్రిట్టీ పొలిట్టీ యను వేరొక బృందమువారు ఇంకొక యడుగు ముందుకు వేసి, స్టూడియోకు ఇంత, ప్లేటు వేయుటకు ఇంత, బిళ్లలకు ఇంత యని తమ ఖర్చుల పద్దును అట్టమీద ప్రకటించిరి. వర్తకరహస్యమును వీధిలో పెట్టుట యన్నమాట! చదివినవాడు, ఇంతేనా, నేనును చేయగలనే యనుకొనవలెనని వారి యుద్దేశము. మన సంఘములవారు వార్షికసభలో జమాఖర్చులు చదువుదురు గాని, ఇంత నిర్భయముగ చదువుట నేను చూడలేదు.

లండనులో 1976లో రఫ్ ట్రేడు అను దుకాణము వెలసి, రెండేండ్లకు తానును లేబిలై, అట్టి చిన్నవారి ప్లేట్లన్నిటిని ఊరూర నందజేయు పని పెట్టుకొనెను. 1978లో మాంచెస్టరున మొదలైన ఫ్యాక్టరీ కంపెనీ సంగీతకారులకు సర్వము, కంపెనీకి శూన్యము అను నర్థము వచ్చునట్లు ఒడంబడిక వ్రాసికొనెను. అట్టి యౌదార్యముతోను, అంతకు మించిన దుబారాతోను 1992లో దివాలా తీసినది. వాషింగ్టనులో 1980లో బయలుదేరిన డిస్కార్డు అను లేబిలువారు కుర్రవాండ్రు. మొదటి ప్లేట్ల యట్టలు తామే కత్తిరించి మడిచి జిగురంటించిరి. అధికధర కెవరు నమ్మకుండునట్లు వెల అట్టమీదనే యచ్చువేసిరి. నేటికిని వారి యంగడి నడచుచున్నది. వీరందరిలో నాకు గౌరవము గలిగించినది వారి సంగీతము కాదు. ఆ మ్రోతను నేను పట్టుమని పది నిమిషములు వినలేనని సిగ్గుపడక చెప్పుదును. పాడినవాని పేరును, అయిన ఖర్చును, చేరవలసిన వాటాను దాచక చూపిన వారి లెక్కనే నేను మెచ్చుచున్నాను.

ఐరోపా తూర్పుభాగమున దీనికి మరియొక రూపము. రష్యాలో ప్రభుత్వ కంపెనీ తప్ప వేరొకటి యుండరాదు. కనుక ఆసుపత్రులలో పారవేసిన ఎక్సురే రేకులను గుండ్రముగ కత్తిరించి వాటిమీదనే నిషిద్ధమైన పాటలు గీచి చాటుగ నమ్మిరి. ఎవరిదో విరిగిన ప్రక్కటెముకమీద ఎవరిదో పాట! చెకోస్లొవేకియాలో ప్లాస్టిక్ పీపుల్ అను రాక్ బృందమువారిని 1976లో చెరసాలకు పంపగా, దానిపై చెలరేగిన నిరసనయే మరుసటియేట చార్టరు 77 అను పౌరహక్కుల ప్రకటనకు దారితీసెను. అచ్చట లేబిలు లేదు. ఉండిన పోలీసులకు దారి చూపును. చదువరులీ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక. మన కథ దీనికి మిక్కిలి దగ్గర.

1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ రైతాంగపోరాటమున పాట ఆయుధమైనదని యెల్లరు నెరుగుదురు. సుద్దాల హనుమంతు మొదలగువారు గొల్లసుద్దులు, బుఱ్ఱకథ మున్నగు పల్లెబాణీలలో కొత్తమాటలు పొదిగిరి. ప్లేటు లేదు, టేపు లేదు. పాట ఒక నోటినుండి ఇంకొక నోటికి దుముకుచు పోయెడిది. నైజాము ప్రభువును నిలదీయు నొక గీతమును బండి యాదగిరి యను నతడు కట్టెను. అది ముప్పదియేండ్లు నోళ్లలోనే బ్రతికి, 1979లో గౌతంఘోష్ దర్శకత్వమున, నర్సింగరావు, రవీంద్రనాథుల నిర్మాణమున తయారైన మా భూమి చలనచిత్రమున గద్దరు కంఠమున నిలిచిపోయినది. అనాటినుండి తెరమీద కనబడినవాని పేరే పాటకు పేరైనది. గద్దరు పాట యనియే జనులందరు. నేనును చాలకాలమట్లే యనుకొంటిని. ఒక వృద్ధుడు నన్ను కోపించి, అది యాదగిరిది సార్, తమరు పిల్లలకు తప్పు చెప్పుచున్నారని దిద్దెను. పాడినవాడు దొంగిలించెనని కాదు. యంత్రము ముందెవరు నిలిచిరో వారినే లోకము జ్ఞాపకముంచుకొనును. రామదాసువలె చివర ముద్ర వేసికొనియుండిన, యాదగిరి కీ యన్యాయము జరుగకపోవును.

ఇంతలో క్యాసెట్టు వచ్చినది. ఫిలిప్సు కంపెనీ 1963లో కనిపెట్టిన ఈ చిన్న డబ్బి మన దేశమున 1980 ప్రాంతమున ఇల్లిల్లు చొచ్చినది. దీనికి లక్క వలదు, కార్ఖానా వలదు. రెండు నోళ్ల టేపురికార్డరొకటియు, ఖాళీ క్యాసెట్లు కొన్నియు నున్నచో ఎవడైన కంపెనీవాడే. కుక్క బొమ్మవారి గుత్త దీనితో విరిగిపోయెను. 1983లో గుల్షన్ కుమార్ సూపర్ క్యాసెట్సు స్థాపించి, చౌకవెలకు భజనలు, ప్రాంతీయగీతములు నమ్మి కోటీశ్వరుడయ్యెను. మా బజారులో సైతము గోడలనిండ క్యాసెట్లు పేర్చిన దుకాణములు మొలిచినవి. పాటల జాబితా వ్రాసి యిచ్చి, సాయంకాలము పోయిన, అడిగిన పాటలన్నియు నింపి యిచ్చెడివారు. అది దొంగపని యని అప్పుడెవరికిని తోచలేదు.

ఆ దుకాణములందే బల్లక్రింద ఇంకొక జాతి క్యాసెట్లుండెడివి. హైదరాబాదులో 1972లో రూపొందిన జననాట్యమండలి, 1974లో వెలసిన అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య, ఈ రెండు విప్లవగీతబృందములును తమ పాటలను క్యాసెట్లుగ వెలువరించినవి. గోదావరిలోయలో రెండవదాని పాటలే యెక్కువగ వినబడెడివి. గొంగడి, గోచి, కాలి యందె, డప్పు, ఒక్క గొంతు, వంతకు రెండు గొంతులు, ఇంతే వాద్యసామగ్రి. పాశ్చాత్యుల విద్యుద్వీణ లేదు. అయినను పెద్ద కంపెనీ వద్దనిన పాటను, ప్రభుత్వము వినగూడదనిన పాటను, తమ ఖర్చుతో పట్టి, చేతులమీదుగ పంచుకొనుటలో వీరును వారును ఒక్కటే. ఇంగ్లండువారికి అజ్ఞాతమనుట ఉపమానము. మనవారికది ఉన్నమాట. బ్యాంకు ఉద్యోగము వదలిన గద్దరు 1985లో అజ్ఞాతవాసమునకేగి 1990 ఫిబ్రవరిలో గాని వెలికి రాలేదు. ఆ యైదేండ్లు మనిషి కనబడలేదు, క్యాసెట్టు తిరుగుచునేయుండెను. ఆయన బయటికి వచ్చినపుడు నిజాం కళాశాల మైదానము పట్టలేనంత జనము కూడినదన్న, ఆ జనమును పోగుచేసినది వార్తాపత్రికలు కావు, ఆ డబ్బిలే.

1992లో పీపుల్సువారు పార్టీ నిషేధింపబడగా, మా యడవియంచు గ్రామములలో ఆ క్యాసెట్టు ఇంటనుండుట భయహేతువైనది. ఏ విశ్వాసముతోడి నిమిత్తము లేక, బాణీ బాగుండుటచేత వినువారే యెక్కువ. అయినను సోదా చేయువానికి రసజ్ఞత యుండునని నమ్మకమేమి? కొందరు సినిమాపాటల కాగితము చుట్టి దాచిరి. కొందరు పొయ్యిలో వేసిరి. టేపు కాలిన కంపు చాల చెడ్డది. ఇక ఆ క్యాసెట్లమీద కవిపేరు, గాయకునిపేరు, పట్టినచోటు వ్రాయుట యెట్లు? పేరు వ్రాసిన ప్రాణాపాయము. కనుక బిళ్ల ఖాళీగ నుండుట అప్పటికి వివేకమే. పాట ప్రజలది, ఒక్కనిది కాదను సిద్ధాంతమును దానికి తోడైనది. ఆ సిద్ధాంతమును నేను తేలికగ చూడను. డోలివానిదియు నించుమించు నదియే గదా.

అయితే ఇచ్చట నా సందేహము విన్నవించుకొందును. పల్లెలోని నాటుపాట, పొలముపాట, జాతరపాట, వీటి బాణీలను తీసికొని ఉద్యమకవులు కొత్తమాటలు కూర్చిరి. అది తప్పు కాదు. రామదాసు కాలమునుండి యట్లే జరుగుచున్నది. కాని కొత్తపాట క్యాసెట్టున కెక్కినది, పాతపాట యెక్కలేదు. పదియేండ్లలో ఆ బాణీ వినగనే జనమునకు కొత్తమాటలే తోచినవి. నాటు వేయుచు మొదట దానిని పాడిన ముసలమ్మ యెవరో, ఆమె మాటలేవో, ఆమె మనుమరాలికే తెలియకపోయెను. పెద్ద కంపెనీ లాభము చూచి యేరెను. ఉద్యమము ప్రయోజనము చూచి యేరెను. ఏరుట రెండింటికిని సమానమే. తాగుబోతు మగని వెక్కిరించు పాట యొకడు, వియ్యపురాలిని తిట్టు పాట యొకడు, ఊరక వానను చూచి పాడుకొను పాట యొకడు, ఇవి యెవరికిని పనికిరాక ఇరువైపుల నుండి జారిపోయినవి. తరువాత సినిమావారు వచ్చి, ప్రజలదను పాట ఎవరిదియు కాదని యర్థము చేసికొని, అడుగకయే తీసికొనిరి. 1957నాటి హక్కులచట్టము ప్రకారము శబ్దముద్రణకు యజమాని దానిని చేయించినవాడు. పాడినవానికి కొంత హక్కు 1994లో గాని చట్టమున చేరలేదు. అది చేరునప్పటికి క్యాసెట్టు ముదుసలియైనది. ఆ హక్కును చూపుకొనుటకు బిళ్లమీద పేరు లేనివాడేమి చూపును?

ఇతరుల తప్పులెన్నుచున్నాను గనుక నా తప్పు గూడ చెప్పవలెను. మా తండ్రిగారును ఉపాధ్యాయులే. నా పదవయేటనో పదునొకండవయేటనో వారు అడవిలోని యొక చిన్న బడిలో పనిచేయుచు, భూమిపండుగనాడు డోలివాని కథను రెండు క్యాసెట్లనిండ పట్టితెచ్చిరి. పాడినవాడు తన పేరు చెప్పెను గాని, నాన్నగారు దానిని వ్రాయలేదు, గుర్తుండును లెమ్మనుకొనిరి. క్యాసెట్టు వీపున రెండు చిన్న పలుకులుండును. వాటిని విరిచినచో దానిమీద మరల పట్టుటకు వీలుండదు. వారు విరువలేదు. వేసవిసెలవులలో నేను ఆ రెంటిమీద చిరంజీవి పాటలు నింపుకొంటిని. నాన్నగారు తెలిసికొని నన్ను కొట్టలేదు. కొట్టియుండిన బాగుండెడిదని తరువాత చాలమారులనుకొంటిని. సంవత్సరము తిరుగకముందే ఆ గాయకుడు పోయెనని తెలిసెను. ఆ క్యాసెట్టొకటి నా యొద్ద నున్నది. రెండు సినిమాపాటల సందున, నేను మీట నొక్కుట ఆలస్యమైనచోట, ఒక దగ్గు, ఒక డోలుదెబ్బ, సగము మాట వినబడును. ఆ సగము మాట కోయభాషలోనిది. దాని యర్థము నేటికిని ఎవరును నాకు స్థిరముగ చెప్పలేకపోయిరి.

మణుగూరు మండలమునందలి కూనవరము నివాసి సకిని రామచంద్రయ్య డోలి విద్యలో గొప్పవాడని పండితులు గుర్తింపగా, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. కోయలోను తెలుగులోను గూడ సమ్మక్క కథను, వంశకథలను చెప్పగలవాడు. 2024లో గతించెను. ఆయన పేరు నిలిచినది, మేలు. ప్రభుత్వము కొంత మేలుకొనినదని సంతోషింపవలసినదే. కాని ఒక్క పేరు బిళ్ల కెక్కువరకు ఎన్ని పేర్లు మట్టిలో కలిసెను! నేడు చేతిలోని ఫోనే స్టూడియో, అదే కార్ఖానా, అదే దుకాణము. పల్లెపాటలను పట్టి యూట్యూబున వేయు చిన్నవారు తెలంగాణమంతట లేచిరి. కొందరికి లక్షలకొలది శ్రోతలు. వీరు మన స్వతంత్ర లేబిళ్లు. వీరిలో కొందరు పాట సేకరించిన యూరిని, పాడిన వృద్ధురాలిని పేరుపేరున చెప్పుదురు. కొందరు జానపదమని వ్రాసి యూరకుందురు. జానపదమనునది యొక యూరి పేరు కాదు, ఒక మనిషి పేరు కాదు. ఆ మాట చాటున ఎంత సొమ్ము చేతులు మారుచున్నదో!

గత సంవత్సరము మా తరగతి పిల్లలకు సెలవులలో ఒక పని పెట్టితిని. ఇంటిలోని పెద్దలచే ఒక్క పాట పాడించి ఫోనులో పట్టి తేవలెను. దాని వెంట ఒక కాగితము. పాడినవారెవరు, ఎవరివద్ద నేర్చిరి, ఏ పనిలో పాడుదురు, ఏ యూరు, ఏ తేదీ. పాటలు ముప్పదివరకు వచ్చినవి, కాగితములు తొమ్మిది. తక్కినవారు మరచితిమనిరి. ఫోనులో ఆ ముప్పదియు వరుసగ కనబడుచున్నవి. గాయకుని పేరుండవలసినచోట తెలియదను నొక్కమాటయే యంత్రము తనంతట వేసికొనినది. అందుచే రెండవమారు పంపునప్పుడు కాగితము మాట మాని, పాట ముగియగనే ఆ పేర్లు వారి నోటనే చెప్పించుడంటిని. గౌహర్ జాన్ సంగతి చెప్పగా పిల్లలకది వేడుకగ తోచినది.

దుమ్ముగూడెము వైపునుండి వచ్చు ఒక కోయబాలుడు తన నాయనమ్మ పాట తెచ్చెను. ఇప్పపువ్వు ఏరునప్పటి పాట. రెండు నిమిషములు పాడి ఆమె నిలిపివేసినది. నీ పేరు చెప్పవే నాయనమ్మా యని వాడడుగుట వినబడును. ఆమె నవ్వినది. నా పేరెందుకురా, పాట నాదా యనెను. వాడు విడువలేదు. కొంతసేపు కోడిపుంజు కూత తప్ప ఏమియు లేదు. తరువాత ఆమె తన పేరు చెప్పెను. తనకు నేర్పిన మేనత్త పేరు చెప్పెను. ఆ మేనత్త పుట్టిన యూరు చెప్పబోయి, అది ఇప్పుడు లేదురా, ఊరందరు లేచిపోయిరి, అయినా వ్రాసికో యని దాని పేరును గూడ చెప్పెను.